సీలర్ డబ్బా మూత తీసే ముందు



ఈస్టర్ ఆరాధనలు ముగిసి ఎండలు ముదిరాయంటే మన ఇళ్లలోనూ సంఘాల్లోనూ మరమ్మతు పనులు మొదలవుతాయి. వానలు రాకముందే డాబా మీద పగుళ్లు పూడ్చాలి. ఇంట్లో పెళ్లి ఉంటే తలుపులకు పాలిష్ పెట్టించాలి. మందిరంలో బెంచీలకు, పుల్పిట్‌కు ఒక కోటింగ్ వేయించాలి. ఈ పనులన్నిటిలోనూ నేడు తరచుగా వినిపించే పేరు సీలర్. చెక్కలో, రాతిలో, సిమెంటులో ఉండే సన్నని రంధ్రాలను మూసి, నీరూ నూనె మరకలూ లోపలికి దిగకుండా కాపాడే పూత అది.

పూత పూసి నీటిని ఆపడం కొత్త విద్య కాదు. నోవహు ఓడకు లోపలా బయటా కీలు పూశారని, పసివాడైన మోషేను ఉంచిన జమ్ముపెట్టెకు జిగటమన్నూ కీలూ పూశారని సండే స్కూల్లోనే విన్నాం. నేటి సీలర్ డబ్బాలో ఆ పూతతోపాటు దాన్ని పలచగా ఉంచే ద్రావకం కూడా ఉంటుంది. ఆరిన తరువాత పూత చెక్కమీద మిగులుతుంది, ద్రావకం గాలిలోకి పోతుంది. ప్రమాదమంతా ఆ గాలిలోకి పోయే భాగంలోనే ఉంది.

ఈ విషయం తెలియక కాలిన గాయాలతో ఆస్పత్రికి చేరేవారు కొందరైతే, సీసాలో పోసి పెట్టిన థిన్నరును నీళ్లనుకుని తాగే పసిపిల్లలు మరికొందరు. ఇవి చాలావరకు రాకుండా ఆపగలిగిన కష్టాలు. అందుకే ఈ వ్యాసాన్ని ఇంటిల్లిపాదీ చదవమని మనవి.

డబ్బాలో ఏముంది?

సీలర్లన్నీ ఒకటి కావు. చెక్కపనిలో పాలిష్ మేస్త్రీలు ఎక్కువగా వాడేది శాండింగ్ సీలర్. అందులో నైట్రోసెల్యులోజ్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని ఎన్.సి. థిన్నరుతో కలిపి పలచన చేస్తారు. రాయికి, టైల్స్‌కు, డాబాకు వాడే కొన్ని సీలర్లలో మినరల్ టర్పెంటైన్ వంటి పెట్రోలియం ద్రావకం ఉంటుంది. వార్నిష్‌లలోనూ దాదాపు ఇంతే. వీటికి తోడు చెక్కకు పూసే అవిసెనూనె, అంటే లిన్‌సీడ్ ఆయిల్, మరొక రకం. నీటితో కలిపే సీలర్లు కూడా దొరుకుతున్నాయి. వీటికి నిప్పు ప్రమాదం చాలా తక్కువ. పనికి సరిపోతుందనుకుంటే ముందు వాటినే అడగండి.

డబ్బామీద ఎర్ర గీతల చతురస్రం మొనమీద నిలబెట్టినట్లుండి, మధ్యలో నల్లని మంట బొమ్మ కనిపిస్తే అది సులభంగా అంటుకునే పదార్థమని అర్థం. ఇక్కడ ఇంగ్లీషు మాటల వల్ల ఒక పొరపాటు జరుగుతుంది. కొన్ని డబ్బాలమీద ‘ఫ్లేమబుల్’ అనీ, కొన్నిటిమీద ‘ఇన్‌ఫ్లేమబుల్’ అనీ ఉంటుంది. రెండవది చూసి ‘మండనిది’ అని అనుకునేవారున్నారు. రెండింటికీ అర్థం ఒక్కటే: తొందరగా అంటుకుంటుంది జాగ్రత్త అని.

మన ఎండలో మారిపోయే లెక్క

మండేది ద్రవం కాదు, దానినుంచి లేచే ఆవిరి. ఎంత వేడిలో అంటుకోగలిగినంత ఆవిరి లేస్తుందో ఆ డిగ్రీని ఫ్లాష్ పాయింట్ అంటారు. థిన్నర్లలో ఉండే అసిటోన్‌కు ఇది సుమారు సున్నాకు 20 డిగ్రీలు తక్కువ. టోల్యూన్‌కు సుమారు 4 డిగ్రీల సెల్సియస్. అంటే మూత తీసిన క్షణంనుంచీ, చలికాలం తెల్లవారుజామున కూడా, ఇవి అంటుకోవడానికి సిద్ధంగా ఉంటాయి.

మినరల్ టర్పెంటైన్, కిరోసిన్ వంటివాటికి ఫ్లాష్ పాయింట్ రకాన్ని బట్టి సుమారు 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉంటుంది. అమెరికాలో చాలాకాలంపాటు 37.8 డిగ్రీలను గీతగా పెట్టుకుని, దానికి దిగువన ఉన్నవి సులభంగా అంటుకునేవనీ, పైన ఉన్నవి కేవలం మండగలవనీ వేరుచేశారు. రెండవ రకాన్ని ‘కంబస్టిబుల్’ అన్నారు. చల్లని దేశంలో ఆ తేడాకు అర్థముంది. రెంటచింతలలో, రామగుండంలో, కొత్తగూడెంలో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలకు చేరడం మనకు కొత్త కాదు. ఎండలో ఉన్న డాబా నేల గాలికంటే ఇంకా వేడిగా ఉంటుంది. అక్కడ ‘కంబస్టిబుల్’ అని రాసిన డబ్బా కూడా పెట్రోలు డబ్బాతో సమానంగా జాగ్రత్త పడవలసినదే.

మన దేశపు పెట్రోలియం నియమాలు, 2002 కూడా ఈ వేడి లెక్క ప్రకారమే వర్గాలు చేశాయి. 23 డిగ్రీల లోపు ఉన్నవి ఎ తరగతి. 23 నుంచి 65 లోపు ఉన్నవి బి తరగతి. కాబట్టి డాబా పని ఉదయం ఎండ ఎక్కకముందే చేయించుకోండి. డబ్బాలను నీడలో ఉంచండి. ఎండలో నిలిపిన కారు డిక్కీలో గానీ ఆటో వెనుక గానీ వదిలేయవద్దు.

ఆవిరి నేలమీద పాకుతుంది

వంటగ్యాసు లీకైతే స్విచ్ వేయకూడదని మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. సీలరు, థిన్నరు ఆవిరికీ అదే నియమం. ఈ ఆవిరి గాలికంటే బరువైనది. పైకి పోకుండా నేలమీద పరచుకుని, గుమ్మం కింద సందులోంచి పక్క గదిలోకి పాకుతుంది. హాలులో తలుపుకు పూత వేస్తుంటే వంటింట్లో స్టవ్ దగ్గర అంటుకోవచ్చు. అక్కడ అంటుకున్న మంట ఆ ఆవిరి వెంటే క్షణాల్లో డబ్బా దగ్గరికి తిరిగి వస్తుంది.

ఇంట్లో నిప్పు అంటే పొయ్యి ఒక్కటే కాదు. దోమల చుట్ట, బీడీ, సిగరెట్, ఫ్రిజ్ లోపల ఆగి ఆగి పనిచేసే స్విచ్, ఇన్వర్టర్, డ్రిల్లింగ్ మెషిన్, పక్కింట్లో గేటుకు చేస్తున్న వెల్డింగ్, ఇవన్నీ నిప్పురవ్వ ఇవ్వగలవు. వేసవిలో కరెంటు పోగానే చెయ్యి కొవ్వొత్తి కోసం వెతుకుతుంది. పూత వేసిన గదిలో ఆ పని ఎంతమాత్రం చేయవద్దు. టార్చిలైటును పని మొదలుకాకముందే వెలిగించి దగ్గర పెట్టుకోండి. మందిరంలో బెంచీలకు పూత వేస్తుంటే ఆ రోజు బల్లమీద కొవ్వొత్తులు వెలిగించకండి.

పని మొదలుపెట్టే ముందు

మొదట పిల్లలను, గర్భిణీ స్త్రీలను, ఆస్తమా ఉన్నవారిని ఆ చోటునుంచి పంపించాలి. వేసవిలో మందిరాల్లో వి.బి.ఎస్. తరగతులు జరుగుతాయి. పిల్లలు బెంచీలమీద కూర్చునే వారంలో పాలిష్ పని పెట్టుకోవద్దు. పని పూర్తయ్యాక వాసన పూర్తిగా పోయేవరకు తలుపులు తీసి ఉంచి, ఆ తరువాతే పిల్లలను రానివ్వండి.

గదికి ఎదురెదురుగా ఉన్న కిటికీలూ తలుపులూ తెరవండి. ఒక కిటికీ తెరిస్తే గాలి రాదు, గాలి పోవడానికి కూడా దారి ఉండాలి. గ్యాస్ సిలిండర్ వాల్వ్ కట్టేయండి. ఆ గదిలోని కరెంటు వస్తువుల ప్లగ్గులు డబ్బా మూత తీయకముందే తీసేయండి.

ముక్కుకు కట్టుకునే రుమాలు గానీ, సాధారణ దుమ్ము మాస్కు గానీ ఆవిరిని ఆపలేవు. దీనికి బొగ్గు పొర ఉన్న కార్ట్రిడ్జ్ మాస్కు కావాలి. చేతులకు నైట్రైల్ తొడుగులు, కళ్లకు అద్దాలు ఉండాలి. నైలాన్, పాలియెస్టర్ బట్టలు మంట తగిలితే కరిగి ఒంటికి అతుక్కుంటాయి. నూలు బట్టలు వేసుకోవాలి.

ఆ రోజుకు కావలసినంతే బయటికి తీసి, మిగిలినదాని మూత గట్టిగా బిగించండి. కూల్‌డ్రింక్ సీసాలో గానీ, మంచినీళ్ల బాటిల్‌లో గానీ, గ్లాసులో గానీ ఎన్నడూ పోయవద్దు. ఈ ఒక్క నియమం పాటిస్తే పసిపిల్లలకు వచ్చే పెద్ద ఆపద తప్పుతుంది. ఖాళీ డబ్బాను కూడా నమ్మవద్దు. అందులో ద్రవం అయిపోయినా ఆవిరి ఉంటుంది. దాన్ని కోయడం, వెల్డింగ్ చేయడం, పొయ్యి దగ్గర పెట్టడం ప్రాణాపాయం. మిగిలిన థిన్నరును మురుగు కాలువలో పోయవద్దు. కాలువలో ఆవిరి చేరి మరొకరి ఇంటి దగ్గర అంటుకోవచ్చు.

పని ముగిశాక: గుడ్డపీలికల సంగతి

చాలామందికి తెలియని ప్రమాదం ఇది. అవిసెనూనె గానీ, అది కలిసిన పాలిష్ గానీ తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే, వాటికవే అంటుకోగలవు. ఎవరూ నిప్పు పెట్టనవసరం లేదు. ఆ నూనె ఆరేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వేడి పుట్టిస్తుంది. గుడ్డ పరచి ఉంటే ఆ వేడి గాలికి పోతుంది. కుప్పగా ఉంటే లోపలే చేరి, గంటల తరువాత పొగ, ఆ తరువాత మంట వస్తాయి. ఈలోగా పనివారు ఇళ్లకు వెళ్లిపోతారు, ఇంటివారు నిద్రపోతారు.

ఇది ఎంత దూరం పోగలదో ఒక నిజమైన సంఘటన చెబుతుంది. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనం ఉండేది. 1991 ఫిబ్రవరి 23 రాత్రి 22వ అంతస్తులో మంటలు లేచాయి. చెక్కపలకలను శుభ్రం చేసిన పనివారు వదిలి వెళ్లిన, అవిసెనూనె తడిసిన గుడ్డలే దానికి కారణం. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. మంట పైకి ఎక్కుతూ, నీటి స్ప్రింక్లర్లు ఉన్న 30వ అంతస్తుకు వచ్చాకే ఆగింది. మొదలు మాత్రం కొన్ని గుడ్డముక్కలు.

అలాంటి గుడ్డలను ఆరుబయట, నీడన, ఒక్కొక్కటిగా విడదీసి ఆరవేయండి. అవి గట్టిగా బిగిసిపోయాక పారవేయవచ్చు. లేదా నీళ్లు నిండిన ఇనుప డబ్బాలో ముంచి మూత పెట్టండి. శాండింగ్ సీలర్ ఆరాక రుద్దగా రాలిన పొడి కూడా నిప్పురవ్వకు భగ్గుమంటుంది. దాన్ని తడిగుడ్డతో తుడిచి ఎత్తండి, నూనెగుడ్డలతో కలపవద్దు.

మంట అంటుకుంటే

ఆపద సమయంలో మన చేతులు అలవాటు కొద్దీ చేసే పనులు కొన్ని ఉన్నాయి. సీలరు విషయంలో అవే హాని చేస్తాయి.

మొదటిది నీళ్లు పోయడం. పెట్రోలియం ద్రావకం నీటికంటే తేలిక. నీళ్లు పోస్తే అది మండుతూనే నీటిమీద తేలి గదంతా పరచుకుంటుంది. రెండవది, మండుతున్న డబ్బాను ఎత్తుకుని బయటికి పరుగెత్తడం. ద్రవం ఒలికి మోసేవారి ఒంటిమీదే పడుతుంది. డబ్బాను ఉన్నచోటే ఉంచండి.

మంట చిన్నదై, మీ వెనుక బయటికి దారి ఉంటేనే ఆర్పే ప్రయత్నం చేయండి. డబ్బా మీద మూత గానీ పళ్లెం గానీ పక్కనుంచి జరుపుతూ కప్పండి. నేలమీద మంటకు పొడి ఇసుక చల్లండి, లేదా తడిపి పిండిన గోనెసంచి కప్పండి. ఎ.బి.సి. పొడి ఉన్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉంటే పిన్ను లాగి, గొట్టాన్ని మంట అడుగుభాగానికి గురిపెట్టి, మీట నొక్కి, అటూ ఇటూ ఆడించండి. చిన్న సిలిండర్ కొద్ది సెకన్లలోనే ఖాళీ అవుతుంది. అప్పటికీ ఆరకపోతే వెంటనే బయటికి వచ్చేయండి. వస్తూ తలుపు మూయండి, తాళం వేయవద్దు. పొగ ఉంటే వంగి, నేలకు దగ్గరగా నడవండి. ఫైర్ స్టేషన్‌కు 101, లేదా 112కు ఫోన్ చేయండి. వస్తువుల కోసం లోపలికి తిరిగి వెళ్లవద్దు.

బట్టలు అంటుకుంటే పరుగెత్తకూడదు. పరుగు మంటకు విసనకర్ర. ఉన్నచోటే ఆగి, నేలమీద పడుకుని, ముఖాన్ని చేతులతో కప్పుకుని దొర్లాలి. పక్కవారు మందపాటి నూలు దుప్పటి గానీ కంబళి గానీ కప్పాలి. ఒంటిమీది మంటకు నీళ్లు పోయవచ్చు, పోయాలి కూడా. నీళ్లు వద్దన్నది నేలమీద, డబ్బాలో మండే ద్రావకం గురించి మాత్రమే.

కాలిన చోట ఏం చేయాలి?

కుళాయి కింద, లేదా చెంబుతో నెమ్మదిగా పోస్తూ, చల్లని మామూలు నీటితో 20 నిమిషాలు కడగండి. గడియారం చూసి లెక్కపెట్టండి. వెంటనే చేయలేకపోతే 3 గంటలలోపు చేసినా ఉపయోగం ఉంది. ఐసు పెట్టవద్దు. పసిపిల్లలకు కాలిన భాగాన్ని మాత్రమే తడిపి, మిగిలిన ఒంటికి దుప్పటి కప్పండి, లేకపోతే ఒళ్లు చల్లబడుతుంది. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు, గడియారం తీసేయండి. ఒంటికి అతుక్కున్న బట్టను లాగవద్దు.

టూత్‌పేస్టు, సిరా, దోసెల పిండి, కోడిగుడ్డు సొన, వెన్న, పసుపు, ఇవేవీ పూయవద్దు. అవి వేడిని లోపలే ఉంచుతాయి, పుండును కుళ్లబెడతాయి, డాక్టరు గాయం లోతు చూడటానికి అడ్డుపడతాయి. బొబ్బలు చిదమవద్దు. ఉతికిన పలుచని నూలుగుడ్డ వదులుగా కప్పి ఆస్పత్రికి తీసుకురండి. గాయం రోగి అరచేతికంటే పెద్దదైనా, ముఖం, చేతులు, పాదాలు, మర్మస్థానాల మీద ఉన్నా ఆలస్యం చేయకూడదు. గొంతు బొంగురుపోయినా, ముక్కులో వెంట్రుకలు కాలినా, ఉమ్మిలో మసి కనిపించినా లోపలి శ్వాసమార్గం కాలి ఉండవచ్చు. అలాంటివారు మాట్లాడుతున్నారు కదా అని ఊరుకోవద్దు. వెంటనే 108ని పిలవండి.

మింగితే వాంతి చేయించవద్దు

విషం తాగితే ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు, పేడనీళ్లు తాగించి కక్కించడం మన పల్లెల్లో పాత అలవాటు. థిన్నరు విషయంలో ఇది ప్రాణం తీయగలదు. పలచని ఈ ద్రవం కడుపులోకంటే ఊపిరితిత్తుల్లో ఎక్కువ హాని చేస్తుంది. వాంతి చేయిస్తే గొంతువరకు వచ్చి శ్వాసనాళంలోకి జారుతుంది. కొద్ది చుక్కలు చేరినా న్యుమోనియా లాంటి జబ్బు చేస్తుంది.

నోరు తుడిచి, స్పృహలో ఉంటే నీళ్లతో పుక్కిలింపించండి. పాలు, నూనె, చింతపండు నీళ్లు పట్టవద్దు. కూర్చోబెట్టే ఉంచండి. తనంతట తానే వాంతి చేసుకుంటుంటే ముందుకు వంచండి, స్పృహ లేకపోతే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. దగ్గు, ఆయాసం, మత్తు కనిపించినా కనిపించకపోయినా ఆస్పత్రికి తీసుకురండి. ఊపిరి ఇబ్బంది కొన్ని గంటల తరువాత బయటపడవచ్చు, అందుకే డాక్టర్లు బిడ్డను కనీసం 6 గంటలు దగ్గర ఉంచుకుని చూస్తారు. కొన్ని థిన్నర్లలో మిథనాల్ ఉంటుంది. అది ఆలస్యంగా పనిచేసి చూపును పోగొట్టగలదు. సకాలంలో వస్తే దానికి విరుగుడు ఉంది. వచ్చేటప్పుడు డబ్బాను, లేదా దాని లేబుల్ ఫోటోను తప్పక తీసుకురండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని విష సమాచార కేంద్రం 1800 116 117 నంబరులో సలహా ఇస్తుంది. అయితే ఫోన్ కోసం ప్రయాణం ఆపవద్దు.

కళ్లు, చర్మం, ఊపిరి

కంట్లో పడితే నలపకుండా, రెప్పలు తెరచి పట్టుకుని, పారే మంచినీటితో 15 నుంచి 20 నిమిషాలు కడిగి కంటి డాక్టరుకు చూపించండి. బట్టలమీద ఒలికితే వాటిని విప్పేసి, చర్మాన్ని సబ్బునీటితో బాగా కడగండి. చేతికి అంటిన పాలిష్‌ను థిన్నరుతో కడుక్కోవడం మంచిది కాదు. కొంచెం వంటనూనె రాసి, సబ్బుతో కడుక్కోండి. ఆవిరి పీల్చి తలతిరుగుడు, తలనొప్పి, వికారం, తూలుడు వస్తే వెంటనే బయటి గాలిలోకి తీసుకురండి. మూసిన గదిలోనో నీళ్ల ట్యాంకులోనో ఎవరైనా పడిపోతే గాలి రాకుండా మీరు లోపలికి దూకవద్దు. రక్షించబోయిన రెండవ మనిషి కూడా పడిపోతాడు.

మేస్త్రీని కూడా తలంచుకుందాం

ఇంటివారికి ఈ ప్రమాదం ఏడాదికి ఒకటి రెండు రోజులు. పాలిష్ మేస్త్రీకి, అతనితో వచ్చే కుర్రవాడికి ప్రతిదినం. రోజుకూలి పోతుందని తలనొప్పితోనే పనిచేస్తారు, మాస్కు కొనుక్కోరు. పని అప్పగించేటప్పుడు బేరంతోపాటు మాస్కు, చేతి తొడుగులు, ఇసుక బకెట్ మనమే సమకూర్చవచ్చు. మధ్యమధ్య బయటికి వచ్చి గాలి పీల్చుకోమని, మంచినీళ్లు తాగమని చెప్పవచ్చు. సంఘ కమిటీలు మందిరపు పనికి డబ్బు మంజూరు చేసేటప్పుడు ఈ చిన్న ఖర్చును కూడా లెక్కలో రాయాలి. పొరుగువాని ప్రాణాన్ని కాపాడటం కూడా మన పరిచర్యలో భాగమే.

పై నంబర్లను ఒక కాగితంమీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు అతికించండి: ఫైర్ స్టేషన్ 101, అంబులెన్స్ 108, ఏ ఆపదకైనా 112. ఈ పత్రికను చదివాక మీ ఇంటికి పనికి వచ్చే మేస్త్రీకి ఇవ్వండి. అతనికి చదవడం రాకపోతే, డబ్బా మూత తీసే ముందే మీరే చదివి వినిపించండి.